బట్టల బండ వెనక మొక్క

“ఆ పాకురు జర గీకెయ్ దమయంతీ. రేపు నేను జారి పడ్తే నడుమిరుగుతది. మళ్ల నాకు నువ్వే చెయ్యాలె.”

నర్సింహమ్మ ప్రతి వానాకాలం ఈ మాట అంటుంది. ఆఖరి ముక్క ఈమధ్య చేరింది. కోడలి మీద జాలితో అన్నట్టు వినిపిస్తుంది. జాలి కాదు.

దమయంతి కొబ్బరి పీచు తీసుకుని బండ చుట్టూ గీకింది. నీళ్ళు కొట్టింది. బండ వెనక గోడ మీద మాత్రం చెయ్యి వేయలేదు. అత్తగారికి అంత దూరం చూపు ఆనదు.

ఇల్లు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉంది. ముందరి గదికి వీధి వైపు రెండు పెద్ద కిటికీలు. అక్కడ సోఫా, టీవీ, గోవర్ధన్‌కు వచ్చిన షీల్డులు. వెనక్కి పోయేకొద్దీ చీకటి. వంటింట్లో పట్టపగలు లైటు వేయాలి. ఆ వెనక బట్టల బండ, బోరు, అంట్ల తొట్టి. పక్కింటివాళ్ళు మూడంతస్తులు లేపినప్పటినుంచి అక్కడ ఆకాశం పలక అంతే మిగిలింది. వాషింగ్ మెషిన్ ఉంది. గోవర్ధన్ చొక్కాలు అందులో వేయరు, కాలర్ మురికి పోదట. నర్సింహమ్మ చీరలు అందులో వేయరు, మైల కలుస్తుందట. మెషిన్‌లో పడేవి దమయంతి బట్టలు, కూతురు అనూహ్య బట్టలు. చేత్తో ఉతికేది దమయంతి. “మా కోడలు మెత్తనిది. ఒక్క మాట ఎదురు చెప్పదు. దాని పుట్టుకే అంత,” అని నర్సింహమ్మ గుడి దగ్గర పదిమందికీ చెబుతుంది. మెచ్చుకోలే. దమయంతి విన్నప్పుడల్లా ఏదో బరువు తలకెత్తినట్టుంటుంది. దించమని ఎవరినీ అడగలేదు.

గోడ మీద ఒక మొక్క ఉంది. ఇంట్లోవాళ్ళకు అది పాకురు. నిజానికి నాచుకు దూరపు చుట్టం, నాచు కాదు. దానికి వేరు లేదు, కాండం లేదు, పువ్వు పుయ్యదు. చిన్న చిన్న ఆకుపచ్చ నాలుకల్లా చీలుతూ తడిని పట్టుకుని పాకుతుంది. ఇట్లాంటి వాటిని లివర్‌వర్ట్‌లు అంటారు. వాటిలో సయాథోడియం అని ఒక చిన్న ప్రజాతి ఉంది. దగ్గరి పోలికలున్న జాతులన్నీ కలిపితే ప్రజాతి. కొన్ని ప్రజాతుల్లో వందల జాతులుంటాయి. ఇందులో ప్రపంచం మొత్తం వెతికినా డజనుకు కాస్త అటూ ఇటూ. అందరూ వదిలేసిన చోట్ల ఉంటుంది: గుహ మూతి, పాడుబడ్డ మెట్ల కింద, ఎండ తగలని గోడ. దానికి సొంత వెలుగు లేదు. పడ్డ కాస్త వెలుతురునే పట్టి తిప్పి కొడుతుంది. పక్కకు వంగి చూస్తే పసిడి పచ్చగా మెరుస్తుంది. వంగకపోతే ఏమీ కనపడదు.

పెళ్ళయిన కొత్తలో, మొదటి వానల్లో, అంట్లు తోముతూ దమయంతి వంగి చూసింది. అప్పుడామె యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. అంశం ఇదే, ఈ చిన్న ప్రజాతి, దాని వర్గీకరణ. అడిక్‌మెట్ వైపునుంచి నడిచి డిపార్ట్‌మెంటుకు పోయేది. అనంతగిరి కొండలు, పాత కోటలు, దిగుడు బావులు తిరిగి ఏరుకొచ్చిన మొక్క తను కాపురానికొచ్చిన ఇంట్లో గోడకే ఉంది. అది ఆమె చూసిన అన్నిటికంటే పలుచగా ఉంది. భూతద్దంలో చూసినా పైపొర మీద గాలి రంధ్రాలు కనపడలేదు. ఇది ఇంతవరకు ఎవరూ రాయని జాతి అని ఆ క్షణమే నమ్మింది. గిన్నె వదిలేసి గోడకు ముఖం ఆనించింది.

“పిల్లకు గోడ నాకుడు అలవాటున్నట్టుంది,” అన్నాడు పడక్కుర్చీలోంచి కిషన్ రావు, మామగారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కొత్త కోడలు నవ్వాలి.

నమ్మకం చాలదు. జాతిని తేల్చేది సిద్ధబీజాలు. ఆ మొక్క విత్తనాలంటే అవే, పొడి లాంటివి. వాటి మీది ముళ్ళు, గీతలు ఒక్కో జాతికి ఒక్కో రకం. అవి వానలు తగ్గుముఖం పడుతుంటే పండుతాయి. ఈ ఇంట్లో సరిగ్గా అప్పుడే పెత్రమాస వస్తుంది. చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే అమావాస్య. దానికి ముందు ఇల్లంతా కడగాలి, వెనక గోడకు సున్నం కొట్టాలి. పెద్దలు వెనక దారిన వస్తారని నర్సింహమ్మ నమ్మకం. సున్నం కింద మొక్క చస్తుంది. మరుసటి ఏడు ఏ పగుల్లోంచో మళ్ళీ వస్తుంది. మళ్ళీ సున్నం. అది పండటం దమయంతి ఇంతవరకు చూడలేదు.

మిగతా నమూనాలన్నా మిగలాల్సింది. లివర్‌వర్ట్‌లను ఎండబెట్టి కాగితం పొట్లాల్లో మడిచి దాచడం పద్ధతి. ఏళ్ళ తర్వాత నీటి చుక్క వేస్తే మళ్ళీ విచ్చుకుంటాయి. డబ్బులు లేని పరిశోధకులు పాత న్యూస్ పేపర్లతో పొట్లాలు కడతారు. అట్లా రెండు అట్టపెట్టెల నిండా కట్టి మంచం కింద పెట్టుకుంది. ఒక చలికాలం పొద్దున కిషన్ రావు వాటిని ఒక్కొక్కటే బాయిలర్ పొయ్యిలో వేసి నీళ్ళు కాచుకున్నాడు. ఆమె చూసేసరికి పెట్టెల అడుగు కనపడుతోంది.

“పనికిరాని రద్దీ కాగితాలనుకున్న. గట్ల పెడ్తె ఎవలకు తెలుస్తది?” అన్నాడు.

పొట్లం మీద పేరు, ఊరు, తేదీ రాసి ఉన్నాయి. ఆయన చదువుకున్న మనిషి. ఆ రోజు నీళ్ళు బాగా కాగాయి. రెండు చెంబులు ఎక్కువ పోసుకున్నాడు.

“పోనీ తియ్,” అన్నాడు గోవర్ధన్ సాయంత్రం. “పీహెచ్‌డీ చేసినోళ్లు ఏం పీకుతున్నరు? ఇంట్ల పాకురు సరిపోలేదని ఊరంత ఏరుకొచ్చుడు.” ఓదార్చుతున్నానని అనుకున్నాడు. ఆమె యూనివర్సిటీ మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తు చేశారు. “మేం మానెయ్యమన్నమా?”

నారాయణగూడలో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెబుతోంది. ఇంకా కాంట్రాక్టు మీదే. బోటనీకి పిల్లలు తగ్గిపోయారు కాబట్టి పర్యావరణం కూడా ఆమెకే, అడ్మిషన్ల కోసం ఇళ్ళు తిరగడం కూడా ఆమెకే. తనిఖీకి పెద్దమనుషులు వస్తే మగ లెక్చరర్లు ఫైళ్ళు చూపిస్తారు, ఆడ లెక్చరర్లు ముగ్గు వేసి పూలగుత్తులు ఇస్తారు. “మీ ముగ్గు సైంటిఫిక్‌గా ఉంటది మేడమ్,” అంటాడు ప్రిన్సిపాల్ ఫణీంద్ర. అది జోకు. ప్రతి ఏడూ అదే జోకు.

గోవర్ధన్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ నడుపుతాడు. జనరల్ సైన్స్‌లో పేరున్న మాస్టారు. ఆయన బిట్‌బ్యాంక్‌లో బయాలజీ భాగం మొత్తం దమయంతి రాసిందే. ప్రశ్న, నాలుగు జవాబులు, ఒకటి ఒప్పు. ఆదివారాలన్నీ దానికే పోతాయి. ఒకసారి ఒక అబ్బాయి ఇంటికొచ్చి, “సర్, మీ బయాలజీ బిట్లు కిరాక్ ఉన్నయి సర్,” అన్నాడు. “చదవాలె తమ్మీ. ఊకెనే రాదు,” అన్నాడు గోవర్ధన్. చాయ్ ఇస్తున్న దమయంతి వైపు చూడలేదు. చూసి ఉంటే నయమా? అదీ ఆమెకు తెలియదు.

ఈ ఏడు వానలు మొదలవగానే గోవర్ధన్ కొత్త సంగతి తెచ్చాడు. అన్నం తింటూ చెప్పాడు.

“వెనక జాగకు రేకులేసి స్టడీ హాల్ చేద్దాం. లైబ్రరీ దగ్గర పోరగాండ్లు కుర్చీ దొరక్క మెట్ల మీద కూసొని చదువుతున్నరు. గోడకు సిమెంట్ కొట్టి టైల్స్ వేయిస్త. ముందర రూములో నా ఆఫీసు పెడ్త.”

సున్నమైతే మొక్క మళ్ళీ వస్తుంది. టైల్స్ వేస్తే ఇక రాదు. దమయంతి గరిటె గిన్నెలో పెట్టేసింది.

“కొన్ని రోజులు ఆగుతరా?” అంది.

“ఎందుకు?”

“గోడ మీద మొక్క ఉంది. అది పండాలె.”

“పాకురు పండుతదా?” గోవర్ధన్ తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, ఇన్నవా? ఇగ మార్కెట్ల అమ్ముదాం. కిలో ఎంతనే?”

నర్సింహమ్మ నవ్వింది. అనూహ్య నవ్వలేదు. “నాన్నా, అది కొత్త జాతి అయితే పేరు అమ్మే పెట్టాలె. మొదలు రాసినోళ్లకే ఆ హక్కు. నెట్ల చూసిన.”

గోవర్ధన్ ముద్ద ఆపాడు. “ఏ పేరన్న పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు,” అంది దమయంతి. “మనుషుల పేర్లు కూడా పెడ్తరు.”

“తర్వాత ఎవడన్న మార్చేస్తడా?”

ఆ ప్రశ్న బాగుంది. మొదటిసారి ఆయన ఆమె చదువు గురించి ఒక ప్రశ్న అడిగాడు. దమయంతి ఉత్సాహంగా చెప్పింది, అదే ఆమె చేసిన తెలివితక్కువ పని. సయాథోడియాన్ని ఒకప్పుడు టార్జియోనియా అనే మొక్క కుటుంబంలో కలిపారని, పోలికలున్నాయన్నారని, తర్వాతివాళ్ళు కాదు దీని కథ వేరని వేరు కాపురం పెట్టించారని చెప్పింది. శాస్త్రవేత్తలు దాన్ని ఎన్ని కుటుంబాల్లోకి మార్చినా, జాతికి పెట్టిన పేరు మాత్రం దాని వెంటే వస్తుందని చెప్పింది. జాతి నిజంగా కొత్తదైతే ఆ పేరు ఇక పోదు.

గోవర్ధన్ చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. గోడకున్న దండ వేసిన ఫోటో వైపు చూశాడు.

“అయితే నాయిన పేరు పెట్టు,” అన్నాడు.

నర్సింహమ్మ కొంగు కళ్ళకద్దుకుంది.

దమయంతికి బాయిలర్ గుర్తొచ్చింది. “ముందు పండనీయండి,” అంది. వద్దని అనలేదు. అంటే గోడ పోతుంది.

ఆ రోజునుంచి గోడకు మర్యాద వచ్చింది. గోవర్ధన్ అడ్డంగా తాడు కట్టించాడు. చుట్టాలొస్తే చూపించాడు. “మా నాయిన పేరు మీద మొక్క. వరల్డ్ మొత్తంల మా ఇంట్లనే ఉన్నది.” ఆ ఏడు పెత్రమాసకు సున్నం కూడా వద్దన్నాడు. నర్సింహమ్మ ఒక పొద్దున పసుపు నీళ్ళు తెచ్చి గోడ మీద చల్లబోయింది. దమయంతి ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

“చల్లకండి అత్తమ్మా, చస్తది.”

“మీ మామకు పసుపు పడ్తదిగాని.”

“మొక్కకు పడదు.”

నర్సింహమ్మ కోడలి ముఖం వింతగా చూసింది. ఇన్నేళ్ళలో దమయంతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది అప్పుడే.

టైల్స్ వాళ్ళు ఏ రోజైనా రావచ్చు. గోవర్ధన్ మనసు ఎట్లా తిరుగుతుందో చెప్పలేం. అందుకని దమయంతి ముందు జాగ్రత్తగా గోడనుంచి వేలెడంత ముక్క తీసి, అదే గోడ మట్టితో సహా ఒక గాజు పళ్ళెంలో పెట్టి, మూత వేసి కాలేజీకి తీసుకుపోయింది. లాబ్ చూసే ఆయన రిటైరైతే ఆ తాళాలు కూడా ఆమె మెడకే తగిలించారు. ఉత్తరం వైపు కిటికీ ఒకటి ఉంది. ఎండ పడదు, వెలుతురు పడుతుంది. పళ్ళెం అక్కడ పెట్టింది. నీళ్ళు కూడా ఇంటి బోరువే సీసాలో తెచ్చి పోసేది. ఇంతకు ముందు ఎందుకు చేయలేదు? ఇంట్లో ఆమెకంటూ ఒక కిటికీ లేదు, అది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి. అది వేరే జాతి కావాలని ఆమెకు ఉండేది. ఈ ఇంట్లో తన లెక్కన ఒకటైనా వేరేది ఉండాలి. వెలుతురులో పెంచి చూస్తే కాదని తేలొచ్చు. అట్లాంటప్పుడు మనిషి పరీక్ష పెట్టడు.

కొన్ని వారాలకు పళ్ళెంలో కొత్త కొసలు వచ్చాయి. మొదట వేరే ఏదో కలిసిందనుకుంది. కొత్త కొసలు వెడల్పుగా ఉన్నాయి. మందంగా ఉన్నాయి. పైపొర మీద గాలి రంధ్రాలు వరసగా తెరుచుకుని కనపడుతున్నాయి. వెనక పాత తునక పలుచగా, రంగు లేకుండా అట్లానే ఉంది. రెండూ ఒకే నాలుక. మధ్యలో అతుకు లేదు. దమయంతి మూత పెట్టి చేతులు కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు. బీజాలు చూసేదాకా ఆగాలని తనకు తాను చెప్పుకుంది. ఆమెకు అప్పటికే తెలుసు.

గోవర్ధన్ ఆగలేదు.

దమయంతి కాలేజీనుంచి దారిలో కొబ్బరికాయలు కొనుక్కుని అశోక్‌నగర్ మీదుగా వస్తుంటే చౌరస్తాలో జిరాక్సు దుకాణాల పైన కొత్త ఫ్లెక్సీ కనిపించింది. ‘కీ.శే. కిషన్ రావు గారి పేరిట నూతన మొక్క. ప్రపంచ చరిత్రలో తొలిసారి. వర్ధంతి సభకు అందరూ ఆహ్వానితులే.’ మధ్యలో గోవర్ధన్ నిలువెత్తు బొమ్మ, చేతులు కట్టుకుని. మూలన మామగారి ఫోటో. ఇంకో మూలన ఒక గులాబీ మొక్క. ఫ్లెక్సీ వేసినవాడికి అదే దొరికినట్టుంది. అడుగున చిన్న అక్షరాలతో ‘సహకారం: శ్రీమతి గోవర్ధన్.’

ఆమె పక్కనే ఇద్దరు అమ్మాయిలు టిఫిన్ బండి దగ్గర దోశ తింటున్నారు. భుజాలకు పుస్తకాల సంచులు.

“కిషన్ రావు ఎవరే? సైంటిస్టా?”

“కావచ్చు. రాసి పెట్టుకో, కరెంట్ అఫైర్స్‌ల అడుగుతరు.”

ఆ పిల్ల నిజంగానే ఫోన్ తీసి ఫోటో కొట్టుకుంది. దమయంతి కొబ్బరికాయల సంచి చెయ్యి మార్చుకుంది. నిజం తేలకముందే జవాబు అచ్చయింది. ఇక ప్రశ్నను దానికి సరిపోయేట్టు చేయాలి. గోవర్ధన్ పని పద్ధతే అది. అందులో సగం ఆమె నేర్పిందే.

గోడ మీది మొక్క ఆ వారమే పండింది. కొసల కింద బీజాలు నిండిన నల్లటి చిన్న గుండ్లు తేలాయి. ఇన్నేళ్ళకు. ఆమె వాటిని బండ మీద మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. సంతోషం రావాలి కదా అనుకుంది. అలసట వచ్చింది. కొన్ని కొసలు తుంపి కాలేజీకి తీసుకుపోయింది. కిటికీ పళ్ళెంలోవి కూడా పండాయి. ఒక గాజు పలక మీద గోడవి, ఇంకొక దాని మీద కిటికీవి. సూదితో గుండు చిదిపి, చుక్క నీళ్ళు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఒకటే ముళ్ళు. ఒకటే గీతలు. ఈ ప్రజాతి మీద వచ్చిన పాత పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టుకుని చూసింది. వందేళ్ళకు ముందే పేరు పెట్టిన జాతి. తడి గోడల మీద దొరికే మామూలుది. పలకలు మార్చి మళ్ళీ చూసింది. ఇంకో గుండు చిదిపి చూసింది. కొత్త జాతి లేదు. పలుచదనం దాని లక్షణం కాదు. మొక్క వెలుతురు లేని గోడకు చిక్కింది, ఉన్నంతలో సాగదీసుకుని బతికింది. ఆ బతికిన తీరు చూసి, పుట్టుకే ఇంత అని రాసిపెట్టుకుంది తను. చదువుకున్నది, చూడటమే పనిగా పెట్టుకున్నది. ఇన్నేళ్ళూ గోడను చూడలేదు, మొక్కనే చూసింది.

పుట్టుకే అంత. ఆ మాట ఇంకెక్కడో విన్నది. ఎక్కడో గుర్తు చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

ఫణీంద్ర తలుపులోంచి తొంగి చూశాడు. “మేడమ్, రేపు గెస్టులున్నరు. ముగ్గు...”

“రేపు నాకు క్లాసుంది సర్. ముగ్గు వేరే ఎవరితోనైనా వేయించండి.”

అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే మళ్ళీ కన్ను మైక్రోస్కోపుకు ఆనించింది. అతను పోయాడు. అంత సులువా అనుకుంది. సులువు కాదు. రేపు దాని సంగతి వేరే ఉంటుంది.

సాయంత్రం రెండు గాజు పళ్ళాలు పట్టుకుని ఇంటికొచ్చింది. ఒకదాంట్లో గోడది, ఇంకోదాంట్లో కిటికీది. ముందరి గదిలో గోవర్ధన్ సభకు శాలువాలు లెక్క చూసుకుంటున్నాడు. నర్సింహమ్మ దివాన్ మీద ఒత్తులు చేస్తోంది. అనూహ్య ఫోన్‌లో ఉంది.

“తేలింది,” అంది దమయంతి. “కొత్తది కాదు. పాత జాతే. పేరు ఎప్పుడో ఉంది.”

గోవర్ధన్ నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి ఆపేశాడు.

“ఏం మాట్లాడుతున్నవ్? ఫ్లెక్సీలు కట్టించిన. కార్పొరేటర్‌ను పిలిచిన.”

“పండనీయండి అని చెప్పిన గద.”

“సరే, పండింది. కొత్తదని చెప్పు.”

“కాదు.”

“ఎవలు చూస్తరు? అశోక్‌నగర్ చౌరస్తల మైక్రోస్కోపు పట్టుకొని ఎవడన్న వస్తడా? నాలుగు ముక్కలు రాసి యాడనో అచ్చేయించు. నీకు తెలువని పనా? ఇరవై ఏండ్ల సంది నీ పాకురు పాకురు అని ఇంట్ల ఎంత సహించినం. ఇప్పుడు మాకు పనికొచ్చే టైమ్ల కాదంటవా?”

అనూహ్య ఫోన్ పక్కన పెట్టింది. “నాన్నా, అబద్ధం ఎట్ల రాస్తది?”

“నువ్వు సప్పుడు చెయ్యకు.” మళ్ళీ భార్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. క్లాసులో మొద్దు పిల్లలతో మాట్లాడే గొంతు అది. “చూడు దమయంతీ. నువ్వు గిట్ల ఎదురు మాట్లాడే మనిషివి కావు. నీ గుణం గట్ల కాదు. ఎవలన్న నేర్పుతున్నరా?”

ఆమె టీపాయ్ మీది శాలువాలు పక్కకు జరిపి పళ్ళాలు రెండూ పెట్టింది. మూతలు తీసింది. చెప్పాలనుకున్నవి దారిలో నారాయణగూడ నుంచి ఇక్కడిదాకా వరసగా పేర్చుకుంటూ వచ్చింది. పొట్లాల గురించి ఒక మాట ఉంది. బాయిలర్ గురించి ఉంది. చొక్కా కాలర్ల గురించి కూడా ఉంది. ఇప్పుడు అవన్నీ మోయడానికి ఓపిక లేదనిపించింది. పనికొచ్చేవి మూడు మిగిలాయి.

“గోడకు రేపే టైల్స్ వేయించుకోండి, నేను అడ్డం రాను. బిట్‌బ్యాంక్ ఇక నేను రాయను. ఈ గది నాకు కావాలె. నా టేబుల్ ఆ కిటికీ కింద వేసుకుంట.”

“ఈడ నా ఆఫీసనుకున్నం గద!”

“అనుకున్నది మీరు.”

గోవర్ధన్ లేచాడు. కూర్చున్నాడు. ఫోన్ తీశాడు, ఎవరికి చేయాలో తోచక పెట్టేశాడు. “అమ్మా, నువ్వన్న చెప్పు దీనికి,” అన్నాడు.

నర్సింహమ్మ వినలేదు. ఒత్తుల పళ్ళెం పక్కన పెట్టి ముందుకు వంగి గాజు పళ్ళాలు చూస్తోంది. దమయంతి రాకముందు ఆ బండ మీద బట్టలుతికింది ఆమే. పండ్లు లేని నోరు కొంచెం తెరుచుకుంది. ఒక వేలు చాపి మందంగా ఉన్నదాని మీదుగా గాలిలోనే ఆపింది. ముట్టుకోలేదు.

“ఇది మన గోడదేనా?”

“గోడదే అత్తమ్మా.”

“రెండూ?”

“రెండూ ఒకటే.”

“మరి గిది గింత మంచిగ ఎట్ల పెరిగింది? ఏమేసినవ్?”

“ఏం వేయలే,” అంది దమయంతి. “కిటికీల పెట్టిన.”